రైలు పేరున బాకీ

ఊరు మూడు కోసుల అవుతల.
అందుకే పేరుకు తోక తగిలిచ్చిండ్రు:
ఎర్రగుట్ట రోడ్.
రోడ్డు మాత్రం మా నాయిన పెండ్లి దాక పడలే.

నిజాం కాలంల రాయి గొట్టి కట్టిన రెండర్రల టేషన్.
పేరు పలకమీద ముందుగాల ఉర్దూ ఉండె.
పోలీసు యాక్షనైన మరుసటేడు పెయింటరొచ్చి
అక్షరాల వరుస మార్చిపోయిండు.
రైళ్లకేం ఎరుక,
ఎప్పటిలెక్కనే ఆలస్యంగ వచ్చినయి.

పట్టాలకు పదారడుగుల దూరంల జబ్బార్ సాబ్ హోటల్.
కాజీపేట రన్నింగ్ రూంల డ్రైవర్లకు వండిపెట్టెటోడు.
కూరల ఉప్పెక్కువైందని ఒక దొర పళ్లెం ఇసిరికొడితె
ఆ పళ్లెమే సంకల వెట్టుకొని దొరికిన గూడ్సెక్కిండట.
ఇంజను ఇక్కడ నీళ్లకాగితే దిగిండు.
సొట్టవోయిన పళ్లెం గల్లాపెట్టెకు మూతైంది.

బోర్డు లేదు.
వ్యాగన్లకెళ్లి రాలిన సింగరేణి బొగ్గే పొయ్యిల.
"రైలు బొగ్గుతోని రైలోళ్లకే చాయ్ అమ్ముతవా?" అని
టేషన్ మాస్టర్ పార్థసారథయ్యంగారు గరమైకుంటనే
ఇంకో గ్లాసు తెమ్మనెటోడు.
పెదివికి తాకకుండ ఎత్తి పోసుకునేది,
ఒక్క చుక్క చొక్కమీద పడేది కాదు.

మా నాయిన ఓదేలు పాయింట్స్‌మన్.
ఆగని మెయిలుకు బెత్తపు రింగుల టోకెన్ అందిచ్చి
కమిలిన మోచెయ్యి రుద్దుకుంట బల్లమీద కూసునేది.
పైసలు ఒకటో తారీఖున.
జబ్బార్ సాబ్ ఖాతల రాసుకునేది, కుడికెళ్లి ఎడమకు.
ఏం రాసిండో మాకెవలికి ఎరుకలేదు.
ఎన్నడడగలే.

నేను కప్పులు కడిగేది,
గంటకొక ఉస్మానియా బిస్కట్ జీతానికి.

మానేరు పొంగిన యేడు
వంతెన మునిగిందని
ఢిల్లీ ఎక్స్‌ప్రెస్‌ను మా దగ్గర నిలవెట్టిండ్రు.
కిటికీలల్ల మనుషులుంటరని
నాకప్పుడే తెలిసింది.
ఒక రాత్రి, ఒక పగలు, మళ్లొక రాత్రి.
చక్కెరైపోతె బెల్లం.
పాలైపోతె ఎర్రగుట్ట బర్లన్ని మోకాల్లోతు బురదల
మా దిక్కే నడిచొచ్చినయి.
టికెట్ల అర్ర తెరిచి అయ్యంగారు
ఒక పచ్చి బాలింతను పండవెట్టిండు.
జబ్బార్ సాబ్ ఒక్క పైస అడగలే.
మూడోనాడు తెల్లారక ముందే బండి కదిలింది.
ఒక చెయ్యి ఊగింది. ఒక్కటే.
తక్కినోళ్లు నిద్రల ఉండిరి.

డీజిలొచ్చింది, నీళ్ల గొట్టం తుప్పువట్టింది.
తీగలొచ్చినయి. టోకెన్ రింగు పోయింది.
నాయిన పోయిండు,
మోచేతి మీది నల్ల గీత కూడ కాలింది.
టేషన్ హాల్టయింది:
పొద్దుగాల ఒక ప్యాసింజరు, మాపటికి ఒకటి,
నడుమ మేకలు.

ఇప్పుడు మూడో లైనట.
హోటల్ పునాది రైల్వే జాగల ఉన్నదట.
నోటీసు వట్టుకొని ఇంజినీరొచ్చిండు,
మీసమింకా సరిగ రాని పిలగాడు.
జబ్బార్ సాబ్ మనుమరాలు నఫీసా
సొట్ట పళ్లెం పక్కకువెట్టి
గల్లా అడుగుకెళ్లి ఖాత తీసింది.
తాత నేర్పిన చదువు. వేలువెట్టి చదివింది:
"రైలు పేరున.
చాయ్, రెండువేల నూటపదకొండు.
రొట్టెలు లెక్కవెట్టలేదు.
బాకీ."

పిలగాడు నవ్విండు.
నవ్వు సగంల ఆగింది.
కూసున్నడు, చాయ్ తాగిండు,
పది నోటు బల్లమీద వెట్టి పోయిండు.
కూల్చుడేం ఆగది.
పదిహేనొద్దులు గడువిచ్చిండు, గంతే.

నా జేబుల పెన్ను గుంజుకొని నఫీసా
ఆ పేజి కింద, తెలుగుల, రాసింది:
ఒకటి ముట్టింది.

"మీ నాయిన పేజి కూడ ఉన్నది చాచా, చదవాల్నా?"

వద్దన్న.
ఆ పిలగాడు తాగిన కప్పు తీసుకొని
తొట్టి దిక్కు పోయిన.